గోడ అవతలి సినిమా

గోడ అవతల తుపాకీ పేలింది.

యాదిరా చెవుల్లోని దూది గబుక్కున తీసి దిండు కింద దాచింది. అత్తగారు ఒతీలియా వంటగదిలో కోడి చారు కాస్తోంది. ఆవిడ వచ్చేలోగా పోయిందెవరో తెలుసుకోవాలి.

"పోయాడే! పెళ్ళి కాకుండానే పోయాడు" అంది ఒళ్ళోని పసిదానితో. "పీడా పోయింది. ఆ గొంతుకి హీరో వేషం కూడానా? వాడి గుర్రమే నయం, చక్కగా చేసింది."

పసిది ఆవులించింది.

పచూకా ఊరి గాలి ఇంటి పైకప్పు రేకుల్నే ఎగరేసుకుపోతుంది. ఇక పచ్చి బాలింతని వదులుతుందా? అందుకే యాదిరా నలభై రోజులూ గది దాటకూడదు. కిటికీ సందుల్లో పాత పేపర్లు, గుమ్మానికి దుప్పటి, తలకి గుడ్డ, నడుముకి కట్టు, చెవుల్లో దూది. తలస్నానం మాటే లేదు. కళ్ళు పాడవుతాయని అత్తగారు టీవీని కూడా వంటగదిలోకి మార్పించేసింది. మొగుడు రమీరో దూరం బస్సులు నడుపుతాడు. వారానికోసారి వచ్చి, బిడ్డకంటే ముందు తనే నిద్రపోతాడు.

"అత్తయ్యా, ఒక్కసారి వాకిట్లోకి వెళ్ళొస్తానండీ!"

"గాలి సోకితే ఇప్పుడు తెలీదు, ముసలితనంలో తెలుస్తుంది. పడుకో."

"పడుకుని పడుకుని వీపు అట్టకట్టుకుపోయింది."

"నేను ఆరుగుర్ని కన్నాను. నా వీపు భేషుగ్గా ఉంది."

మాట్లాడితే ఇదే. బిడ్డ ఏడుస్తుంటే ఒక్కోరోజు యాదిరా కూడా పక్కనే కూర్చుని ఏడ్చేసేది. ఆ గదిలో ఆమెకి ఊపిరాడేది ఒక్కటే వేళ, మధ్యాహ్నం పక్కగదిలో సినిమా మొదలైనప్పుడు.

పక్కగదిలో ఉండేది ఫిదెన్సియో, ఒంటిగా ఉండే ముసలాయన. మెట్ల మీద ఎదురైతే, మర్యాదగా 'దోన్' అని పలకరించినా పలకడు. పొగరుబోతని యాదిరా ఎప్పుడో తేల్చేసింది.

"పొగరుంటే ఉందిగానీ చిన్నీ, సినిమాలు మాత్రం తెగ చూస్తాడు" అనేది బిడ్డతో. "నిన్నటిది దండగ. మొగుడు వదిలేశాడని ఆవిడ గంటసేపు ఏడ్చింది. ఏడిస్తే ఏడ్చింది, హాయిగా వీధిలోకి పోయి ఏడ్చింది. మనకి ఆ భాగ్యమైనా ఉందా?"

ఒకరోజు పసిదానికి కడుపునొప్పి. పొద్దుటినుంచీ గుక్కపట్టి ఏడ్చి ఏడ్చి, మధ్యాహ్నానికి కాస్త కునుకు తీసింది. యాదిరా అలా ఒరిగిందో లేదో, గోడ అవతల సినిమా పెళ్ళి. బూరలు ఒక్కసారిగా మోగాయి.

బిడ్డ ఉలిక్కిపడి కెవ్వుమంది.

యాదిరాకి ఒళ్ళు మండిపోయింది. "అత్తయ్యా! ఆ మనిషికి గడ్డి పెట్టి రండి! పక్కన పసిగుడ్డు ఉందన్న ఇంగితం ఉండక్కర్లా?"

ఒతీలియాకి అంతకంటే కావలసిందేముంది? కొంగు దోపినంత పని చేసి వెళ్ళింది. కాసేపటికి విజయగర్వంతో తిరిగొచ్చింది.

"ఉలకడు, పలకడు! గుడ్లప్పగించి నా మూతికేసి చూస్తాడేం? బిడ్డ ఏడ్చి చస్తోందని చేతులూపి మరీ చెప్పాను. మొహం మాడ్చుకుని తలుపేసుకున్నాడు."

టీవీ ఆగిపోయింది. ఆ రోజు యాదిరా హాయిగా నిద్రపోయింది.

మర్నాడూ మోగలేదు. ఆ మర్నాడూ లేదు.

ఇప్పుడు గదిలో గాలి ఊళ, బిడ్డ ఏడుపు, అత్తగారి గరిటె చప్పుడు. గోడలు దగ్గరికి జరుగుతున్నట్టుండేది. మళ్ళీ పెట్టమని అత్తగారితో చెప్పించాలంటే, దూది తీసేసి సినిమాలు వింటున్న సంగతి బయటపడుతుంది. చివరికి ఉండబట్టలేక, ఆవిడ బజారుకెళ్ళిన అదను చూసి చెంచాతో గోడ కొట్టింది.

"దోన్ ఫిదెన్సియో! తప్పైపోయింది! ఏదో ఒకటి పెట్టండి, ఏడుపు సినిమా అయినా సరే!"

చెవి గోడకి ఆనించి చూసింది. టీవీ మోగలేదు.

"అబ్బో, పంతం!" అంది బిడ్డతో. చెంచా మాత్రం కింద పెట్టలేదు.

నలభై రోజులూ గడిచాయి. గుమ్మానికున్న దుప్పటి తీయగానే, యాదిరా ఎండలోకి పోలేదు. బిడ్డనెత్తుకుని తిన్నగా పక్కగదికి వెళ్ళింది.

తలుపు తెరిచే ఉంది. గది దాదాపు ఖాళీ. ఒకావిడ సామాను మూట కడుతోంది. మూల ఒక్క టీవీ మిగిలింది. దాని తెర గోడకేసి తిరిగి ఉంది, యాదిరా మంచం ఉన్న గోడకేసి.

"దోన్ ఫిదెన్సియో లేరా?"

"మా అన్నే. మా ఊరు తీసుకుపోయాను. పసిబిడ్డని ఏడిపించానని బెంగపెట్టుకుని తిండి మానేస్తే ఏం చేయను?"

యాదిరాకి మొహం చెల్లలేదు. "క్షమించమని గోడ కొట్టి మరీ అడిగానండీ. ఆయనే పలకలేదు."

"వినపడితే కదమ్మా పలకడానికి! గనిలో మందు పేలి రెండు చెవులూ పోయి ఏళ్ళయింది. తన గొంతు ఎంత గట్టిగా వస్తుందో తెలీక, నలుగురిలో నోరే విప్పడు."

"మరి... ఆ సినిమాలు?"

ఆవిడ టీవీ మీద చెయ్యి వేసింది. శబ్దం పెంచే బొత్తాం పక్కన ఎర్ర గోళ్ళరంగు చుక్క ఉంది.

"నీ కిటికీకి పేపర్లు కుక్కడం చూశాట్ట. మా వదిన పురిటికి ఇలాగే గదిలో పడి ఉండి, ఆ నిశ్శబ్దానికే పిచ్చెత్తేదనేది. నన్ను పిలిచి, ఎంత తిప్పితే గోడ అవతలికి వినపడుతుందో గుర్తుపెట్టమన్నాడు."

యాదిరా బిడ్డని గుండెకి హత్తుకుంది.

"తెర నీవైపు తిప్పేశాక తనకేం కనపడుతుంది చెప్పు?" అందావిడ. "అదే నిన్నడిగి రమ్మన్నాడమ్మా, ఆ సినిమాలు బాగున్నాయా అని."