పొట్ట పట్టీ

కర్నూలులో కుస్తీ నేర్పే తాలింఖానాలో, ఉస్తాదు ముందు ఇమాం వలి అట్టపెట్టె విప్పాడు. పత్రికలో ప్రకటన చూసి మద్రాసు నుంచి తెప్పించిన రబ్బరు పట్టీ అది. కట్టుకుంటే వారంలో పొట్ట పోతుందని పెట్టె మీద అచ్చు వేశారు.

"పైల్వానువి, నీకెందుకురా ఇది?" అన్నాడు ఉస్తాదు. "పట్టీ బిగిస్తే పోయేది చెమట, పొట్ట కాదు. దినామూ కాసేపు వెల్లకిలా పడుకొని మెల్లగా లేస్తాండల్ల. ఊపిరి బిగబట్టాకు. నెలలు పడతాయి."

"నెలలా?"

"అంత తొందరేమప్పా?"

ఇమాం వలి పట్టీని చుట్టి మళ్లీ పెట్టెలో పెట్టాడు.

"నాకు కాదు ఉస్తాద్, నా పెండ్లానికి. బిడ్డను మట్టి చేసి నలభై దినాలాయ. పొట్ట ఇంకా అట్లే ఉండాది. నీళ్లకు పోతే, తెలీనోళ్లు కాన్పెప్పుడని అడుగుతాండారు."