గింకో కింద వనభోజనం

“ఏమండీ, ఆ బెంచీ మీద ఎవరో కూర్చున్నారు!”

కారు దిగుతూనే అంది భ్రమరాంబ. చేతిలో పులిహోర గిన్నె, పట్టుచీర మీద లావుపాటి చలికోటు.

“కూర్చుంటే కూర్చోనీ,” అన్నాడు భర్త సీతారామారావు, డిక్కీలోంచి చాపలు తీస్తూ.

“ఈ గిన్నెలన్నీ మీ నెత్తిన పెట్టుకుంటారా మరి?”

ఆయన చాపలు చంకన పెట్టుకుని పక్కకి తప్పుకున్నాడు. ఉక్కు ఫ్యాక్టరీలో ఇంజనీరుగా రిటైరైన మనిషి, వేడెక్కినదాని దగ్గరికి పోకూడదని తెలుసు.

కెనడాలోని హామిల్టన్‌లో కార్తీక వనభోజనాలంటే భ్రమరాంబవే. ఉసిరిచెట్టు దొరకని దేశంలో ఆవిడ వెతికి వెతికి ఈ గింకో చెట్టును పట్టింది. ఇండియన్ స్టోర్‌లో ఫ్రోజెన్ ఉసిరికాయలు కొని, చెట్టు మొదట్లో పెట్టి దీపం వెలిగిస్తే ఇదే ఉసిరిచెట్టని తీర్పు చెప్పేసింది. ఎవరూ కాదనలేదు. ఆవిడ గుత్తివంకాయ కూర తిన్నవాళ్లెవరూ ఆవిడ మాట కాదనరు.

చెట్టు కూడా అంత అందమైనదే. చిన్న చిన్న విసనకర్రల్లాంటి ఆకులు. నవంబరు వచ్చేసరికి చెట్టు నిలువునా పసుపు పూసుకున్నట్టు అయిపోతుంది. పక్కనే నడకదారి, వెనక పొదల చాటున ఒక పాత ఇల్లు, కింద బెంచీ, చుట్టూ కంచె లేదు. పర్మిట్ తీసుకోవాలేమోనని మొదటి ఏడాది సీతారామారావు గొణిగాడు.

“పట్టుమని పాతికమందిమి లేం. పార్కులో అన్నం తినడానికి పర్మిట్టా?” అని కొట్టిపారేసింది.

బెంచీ మీదున్నది ఒక ముసలి కెనడావాడు. మాసిన కోటు, చెవులదాకా ఉన్నిటోపీ, గీసుకోని గడ్డం. చేతికర్ర మోకాళ్ల మధ్య పెట్టుకుని చెట్టుకేసే చూస్తున్నాడు.

“ఎక్స్‌క్యూజ్ మీ. ఈ బెంచీ మాకు కావాలి,” అంది భ్రమరాంబ ఇంగ్లీషులో.

“రాత్రి చలికి నీళ్లు గడ్డకట్టాయి,” అన్నాడాయన. “ఇవాళ ఈ ఆకంతా ఒక్కసారే రాలిపోతుంది. అది చూసి లేస్తాను.”

“మావాళ్లంతా వచ్చేస్తున్నారు. వంటలు ఎక్కడ పెట్టుకోవాలి?”

“ఓ మూలన కూర్చుంటానమ్మా.”

కార్లు వచ్చి ఆగుతున్నాయి. చీరలు, కెమెరాలు దిగుతున్నాయి. దిక్కులేని మనిషెవరో తిండి కోసం కాచుకున్నాడనీ, ఫొటోలన్నిట్లో పడతాడనీ ఆవిడ బెంగ.

“చూడండి, ఇది అందరి చోటు. మీరొక్కరే పట్టుకు కూర్చుంటే ఎలా?”

ఆయన ఏదో చెప్పబోయాడు. చుట్టూ చేరుతున్న జనాన్ని, ఆవిడ మొహాన్ని చూసి ఆగిపోయాడు.

“నిజమే,” అని చిన్నగా నవ్వి, కర్ర ఊతంతో కష్టంగా లేచాడు.

ఉత్త చేతులతో పంపడానికి ఆవిడకి మనసొప్పలేదు. కాగితం ప్లేటులో ఇంత పులిహోర పెట్టి ఇచ్చింది. “అదుగో, ఆ బస్‌స్టాప్‌లో కూర్చుని తినండి,” అని చోటు కూడా చూపించింది.

వడ్డన మొదలవుతుండగా ఆకు రాలడం మొదలైంది.

గాలి లేదు, చప్పుడు లేదు. ఒకటీ రెండూ కాదు, చెట్టంతా ఒకేసారి వదిలేసింది. జుట్లలో, చాపల మీద, సాంబారులో, ఎక్కడ చూసినా పసుపుపచ్చ ఆకులే. పిల్లలు కేరింతలు కొడుతున్నారు. పెద్దలు ఫోన్లు పైకెత్తారు.

భ్రమరాంబ ఎందుకో రోడ్డు అవతలికి చూసింది. ముసలాయన ప్లేటు పట్టుకుని నిలబడి ఇటే చూస్తున్నాడు. అంతలో బస్సొచ్చి ఆయనకి అడ్డంగా ఆగింది. ఎంతకీ కదలదు. బస్సు వెనకనుంచి మెడ చాచి చూడబోతున్నాడు పాపం.

ఆవిడకి సిగ్గేసింది. పిలుద్దామనుకుంది. పదిమందిలో పొమ్మన్న మనిషిని ఆ పదిమందిలోనే రమ్మనడానికి ఇంకా సిగ్గేసి, గరిటె పట్టుకుని చారు వడ్డించడానికి వంగింది.

ఆ సిగ్గు ఏడాదైనా పోలేదు. ఫొటోలు చూసి ఊరంతా మెచ్చుకుంటే ఆవిడ మాత్రం వాటి మొహం చూడలేదు.

“ఈసారి ఆయన్ని వెతికి, మొదటి విస్తరి ఆయనకే వేద్దామండీ,” అంది ఒకరోజు.

“ముందు క్షమించమని అడుగు,” అన్నాడు సీతారామారావు.

మళ్లీ కార్తీకం వచ్చింది. ఆకు ఎంతవరకు పండిందో చూడటానికి భ్రమరాంబ వారం ముందే ఒక్కతే వెళ్లింది. చెట్టు కింద నడివయసావిడ ఒకామె గడ్డి మీద చెత్త ఊడుస్తోంది. కార్పొరేషన్ మనిషి కాబోలనుకుంది.

“ఇక్కడ చేతికర్రతో ఒక పెద్దాయన కూర్చునేవారు. మీకేమైనా తెలుసా?”

“మా నాన్న,” అంది ఆమె. వెంటనే మొహం విప్పారింది. “మీరు ఇక్కడికొచ్చి భోజనాలు చేసేవాళ్లు కదూ? కిందటేడు నాన్నని మీ పక్కనే కూర్చోబెట్టుకుని, ఆకు రాలుతుంటే పసుపు అన్నం పెట్టారట. ఎన్నిసార్లు చెప్పారో!”

కాదని చెప్పాలి భ్రమరాంబ. చెప్పలేక, అవునన్నట్టు తలూపింది. తలూపినందుకు సిగ్గుతో చచ్చిపోయింది.

“ఆయన... ఎక్కడున్నారు?”

“మార్చిలో పోయారు.”

భ్రమరాంబ ఖాళీ బెంచీకేసి చూసింది. అడగాల్సిన క్షమాపణ అడగడానికి ఇక మనిషి లేడు.

“మీ గురించి నాకు గట్టిగా చెప్పారు,” అంది ఆమె. “వాళ్లు ఈ ఏడూ వస్తారు, ఏమీ అనకు, రానివ్వు అని.”

“రానివ్వడమేమిటి?” భ్రమరాంబకి అర్థం కాలేదు. “ఆయన ఈ పార్కులో పనిచేసేవారా?”

ఆమె ఊడవడం ఆపి వింతగా చూసింది.

“పార్కేమిటండీ, ఇది మా నాన్న పెరడు.”