పాత కొలత

"బ్రౌజరులో పేజీని సగానికి కుదించినా, దాని లోపల అతికించిన చిన్న పేజీకి, ఆ ఫ్రేముకి, చీమ కుట్టినట్టయినా లేదండీ. పాత కొలతకే బొమ్మ గీస్తోంది," అంది టెస్టరమ్మ.

బ్రౌజరు ఇంజనీరు నవ్వాడు. "ఆ ఫ్రేము విడిగా నడిచే వేరే ప్రాసెస్‌లో వేరు కాపురం ఉంటోంది. కొలత మారితే పేజీయే కబురు పెట్టాలి. లేకపోతే దానికెలా తెలుస్తుంది?"

"అదే నోరు తెరిచి అడగొచ్చుగా?"

ఆయన నవ్వు ఆగిపోయింది. విడాకులయ్యాక కూతురికి పంపిన మొదటి గౌను, పట్టడం లేదని పొద్దున్నే తిరిగొచ్చింది. ఆ పార్సిల్ బల్ల మీదే ఉంది. టెస్టరమ్మ వెళ్ళాక ఫోన్ చేశాడు.

"బంగారూ, ఇప్పుడెంత పొడుగయ్యావే?"

"మా కొత్తింటి తలుపు గడియ అందుతోంది నాన్నా!"

"అమ్మో, అంత పొడుగే!" అన్నాడు.

ఆ తలుపు ఆయనెన్నడూ చూడలేదు.