ఎత్తని ఫోను

ఫోన్లన్నీ చెవిపోగుల్లోకి చేరిపోయి, తలచుకుంటే చాలు అవతలివాళ్ళ చెవిలో మాట పడే రోజులవి. అలాంటి రోజుల్లో, చేతిఫోన్లు చేసే ఆఖరి కంపెనీ షేర్లు కొన్నాడు వరదయ్య. అవి నానాటికీ దిగజారాయి.

"కుక్కతోక పట్టుకుని గోదారి ఈదుతానంటారేంటండీ!" అని దెప్పేది భార్య తాయారు.

ఒకరోజు ఆమె తాలింపు వేస్తుండగా ఆడపడుచు చెవిలో దూరి ఎంతకీ వదల్లేదు. పోపు మాడిపోయింది.

"మీ అక్కయ్య పిలిస్తే ఎత్తకుండా ఊరుకునే వీలే లేదాయె! మీ కంపెనీ ఫోనొకటి తెచ్చిపెట్టండి."

తెచ్చాడు. తాయారు చెవిపోగు తీసి ఉప్పుజాడీలో పడేసింది. అది చూసి వీధిలో ఆడవాళ్ళంతా తలో ఫోనూ కొన్నారు. ఆపైన ఊరూరా అదే వరస. షేరు లేచి కూర్చుంది.

ఆ కబురు చెబుదామని వరదయ్య బజార్లోంచే భార్యను పిలిచాడు. ఫోను మోగింది, మోగింది, మోగుతూనే ఉంది. తాయారు ఎత్తలేదు.

వరదయ్య మొహం వెలిగిపోయింది. "ఇంకా పెరుగుద్ది!"