ఫోఫోకి మల్లెదండ

"అబ్బబ్బ! తియ్యమ్మీ, తియ్యి!"

అచ్చయ్య కుర్చీలోంచి ఎగిరిపడ్డాడు. నోట్లోని అచ్చు తీసే ట్రే ఊడి ఒళ్ళో పడింది. గులాబీరంగు ముద్ద చొక్కా నిండా అంటుకుంది.

హైమ గబుక్కున ట్రే అందుకుంది.

అది ప్రాక్టికల్ పరీక్ష. వచ్చిన మనిషి పలువరస అచ్చు తీసి, అందులో ప్లాస్టర్ పోసి చూపించాలి. పాసైతే కింది అంతస్తులోని పళ్ళ ఆసుపత్రిలో సహాయకురాలి ఉద్యోగం. తప్పితే మళ్ళీ ఏడాది ఆగాలి.

ఇంతమంది ఉండగా ఈ ముసలాయనే నా పాలిట పడాలా అని ఆమె ఉక్రోషం.

అచ్చయ్య ఒకప్పుడు బస్సు కండక్టరు. ఇప్పుడు యాంగోన్ బస్సుల్లో కండక్టర్లే లేరు. ఉద్యోగం పోయింది గాని గొంతు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. ఊడిన పన్ను స్థానంలో కట్టుడు పన్ను పెట్టించుకుందామని వచ్చాడు. వస్తూనే హాలంతా మోగేలా అడిగాడు.

"ఏటమ్మీ, మనోల పిల్లవి కావేటి? మీది ఏ ఈది?"

తోటి బర్మా పిల్లలంతా తలలు తిప్పి చూశారు. హైమ సిగ్గుతో చచ్చిపోయింది. ఆమెకు తెలుగు అర్థమవుతుంది. మాట్లాడబోతేనే నాలుక తడబడుతుంది.

అందుకే బర్మా భాషలో, పేరు ముందు మర్యాదకు వాళ్ళు పెట్టే 'ఊ' తగిలించి, ముక్తసరిగా చెప్పింది. "ఊ అచ్చయ్యా, కదలకుండా కూర్చోండి. నోరు తెరవండి."

ఆపైన ఒక్క మాటా లేకుండా ట్రే పెట్టేసింది. దాని ఫలితమే ఇప్పుడు చొక్కా మీదుంది.

అలాగని ఆమెకు పని రాదనుకునేరు. క్లాసులో అంత కుదురైన చెయ్యి ఇంకెవరికీ లేదు. ఆ చెయ్యి కుదిరింది ఫోఫో దగ్గర.

ఫోఫో అంటే బర్మా భాషలో తాత. అలమరలో ఉండే ప్లాస్టర్ పలువరసకు పిల్లలు పెట్టుకున్న పేరది. మొదటి బ్యాచ్ కోసం ఎవరో పుణ్యాత్ముడు నోరిచ్చాడని, అప్పుడు తీసిన అచ్చు అదని మేడమ్ చెప్పేది. ఎవరాయన అని ఎవరూ అడగలేదు. పక్కపన్ను మీదికెక్కి కూర్చున్న కోరపన్ను, అంచు విరిగిన ముందుపన్ను, ఏది ఎక్కడుందో హైమ కళ్ళు మూసుకుని చెప్పగలదు. బర్మావాళ్ళ దీపాల పండగకి గురువులకు మొక్కిన రోజున ఫోఫోకి కూడా మల్లెదండ వేసి దండం పెట్టింది. క్లాసంతా పగలబడి నవ్వింది.

ఫోఫోతో ఏ పేచీ లేదు. ఎగిరిపడడు. ఏ వీధి అని అడగడు.

మేడమ్ దగ్గరికొచ్చింది.

"నీ చేతులకు వంక పెట్టలేను హైమా. కానీ ఇది ప్లాస్టర్ కాదు, మనిషి నోరు. ఆయనతో ఏమైనా మాట్లాడావా?"

"లేదు మేడమ్."

"ఇంకో అవకాశం ఇస్తాను. ఆయన ఒప్పుకుంటేనే. వద్దంటే ఇంతే."

ముసలాయన రుమాలుతో చొక్కా తుడుచుకుంటున్నాడు. "ఈ మందు రుచి ఏటీ మారనేదు" అని గొణుక్కుంటున్నాడు.

హైమ ట్రే పక్కన పెట్టి వచ్చింది. కుర్చీ పక్కన గొంతుకూర్చుంది.

"తాతా... బయ్... బయమేసిందా?"

అచ్చయ్య మొహం వెలిగిపోయింది.

"ఓలమ్మో, మాటాడతాదే గుంట! బయం కాదమ్మీ. ముద్ద గొంతులోకి జారిపోద్దేమోనని. ఎంతసేపుంచుతావో నువ్వు సెప్పనేదు కదా."

నిజమే. చెప్పలేదు.

"మళ్ళీ... పెట్టనా తాతా?"

"పెట్టు, ఏటైపోద్ది? బెంగెట్టుకోకు."

ఈసారి హైమ ముందు కుర్చీ నిటారుగా లేపింది. ట్రే చూపించింది. ఎంతసేపుంటుందో చెప్పింది. తల కాస్త ముందుకు వంచమంది, ముక్కుతో గాలి పీల్చమంది. తెలుగు దొరకని చోట బర్మా అతికించింది.

"కాలి వేళ్ళు పైకెత్తి వాటినే చూడు తాతా, వికారం రాదు. వద్దనిపిస్తే చెయ్యెత్తు. తీసేస్తా."

ట్రే నోట్లో ఉన్నంతసేపూ ఆయన భుజం మీద చెయ్యేసి కబుర్లు చెప్పింది. ఆయన చీటీలో రాసున్నట్టే వాళ్ళదీ తాకేటా పేటేనని, ముత్తాత ఓడరేవులో మూటలు మోయడానికి వచ్చాడని. ముసలాయన మాట్లాడలేడు కాబట్టి కళ్ళతోనే నవ్వాడు. చెయ్యి ఎత్తనే లేదు.

అచ్చు శుభ్రంగా వచ్చింది. మేడమ్ చూసి తలూపింది. హైమ అందులో ప్లాస్టర్ పోసి చూపించింది. పాసైంది.

నోరు పుక్కిలించి అచ్చయ్య మొదలుపెట్టాడు. "తాకేటాలో ఏ ఈది?"

హైమ ఫక్కున నవ్వి చెప్పింది.

ఆయన గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "ముందటోలు నన్ను ఏడిపించీసినారమ్మీ. నువ్వు నయం. వచ్చే వారం పన్నుకొస్తాను, నువ్వే ఉండాల."

వేరే ఆసుపత్రి సంగతేదో చెబుతున్నాడనుకుని హైమ చెయ్యూపింది.

ప్లాస్టర్ గట్టిపడ్డాక గులాబీ అచ్చును నెమ్మదిగా ఒలిచింది. అలవాటుగా వేళ్ళు పలువరస మీద నడిచాయి.

ఒకచోట ఆగిపోయాయి.

ఆమె కళ్ళు మూసుకుని మళ్ళీ తడిమింది. పక్కపన్ను మీదికెక్కిన కోరపన్ను. అంచు విరిగిన ముందుపన్ను. వెనకాల ఒక్క పన్ను ఊడిన ఖాళీ, అది మాత్రమే కొత్త.

అలమర తెరిచి రెండు పలువరసలూ పక్కపక్కన పెట్టింది. ఒక్క పరుగున కిటికీ దగ్గరికి వెళ్ళింది.

ఆమె దండ వేసి దండం పెట్టిన ఫోఫో, చొక్కా మీద గులాబీ మరకతో, ఎప్పుడో తాకేటా బస్సెక్కి వెళ్ళిపోయాడు.