మావగారి కత్తి

కాశీవిశ్వనాథం గడ్డం గీయడం నేర్చుకోబట్టి నెలన్నర అయింది. ఇంతవరకూ గీసింది మాత్రం కుండకే.

తిరువూరు బజారులో బట్టలకొట్టు ఉన్న మనిషి. పొద్దున్నే పెరట్లో పీట వేసుకుని, మట్టికుండకు సబ్బునురగ పట్టించి, గడ్డం కత్తితో ఆ నురగను మెల్లగా గీసేస్తాడు. పక్కన తిరుపతయ్య గొంతుక్కూర్చుని తప్పులు పడతాడు. తిరుపతయ్యది ఆ ఇంటికి తండ్రి కాలం నుంచీ క్షవరాలు చేస్తున్న చెయ్యి.

దీనికంతటికీ మూలం అతని భార్య బాలామణి. డెబ్బై అయిదో సంవత్సరం ఎండాకాలం మొదట్లో, ఒకరోజు ట్రంకుపెట్టె అడుగు నుంచి వాళ్ల నాన్న రంగూన్‌లో కొనుక్కున్న కత్తి తీసి మొగుడి చేతిలో పెట్టింది.

"మా నాన్న తన గడ్డం తనే గీసుకునేవారు. మీకెక్కడ చేతనవుతుంది లెండి" అంది.

కాశీవిశ్వనాథానికి పౌరుషం పొడుచుకొచ్చింది. "నేర్చుకుంటే అదెంత?"

"నాలుగు రోజులు పోతే మళ్లీ తిరుపతయ్య ముందు గడ్డం చాపుతారు."

"చాపను. నా చేత్తో నేను గీసుకునేదాకా ఇంకో మనిషి కత్తి నా గడ్డానికి తగలదు. సరేనా?"

"సరే" అని బాలామణి వంటింట్లోకి వెళ్లిపోయింది.

తిరుపతయ్య ఈ కబురు విని ఏమీ నొచ్చుకోలేదు. "తప్పకుండా నేర్పుతానండి శెట్టిగారూ. తొందరపడితే మటుకు చెవులు చేతికొస్తాయి" అన్నాడు.

మొదటి పది రోజులూ కత్తిని తోలుపట్టా మీద నూరడమే సరిపోయింది. తర్వాత కుండ. కుండ మీద చెయ్యి కుదిరాక రబ్బరు బుడగలు. ఊదిన బుడగకు నురగ రాసి, అది పగలకుండా గీయాలట. రెండు డజన్ల బుడగలు ఢామ్మని పేలాయి. ఒక్కోటి పేలినప్పుడల్లా వంటింట్లోంచి బాలామణి, తిరుపతయ్య భార్య రంగమ్మ ఘొల్లున నవ్వేవాళ్లు. ఈమధ్య రంగమ్మ రోజూ ఒళ్లో చింతచిగురు కట్టుకుని వస్తోంది. వచ్చిందంటే ఇద్దరికీ కబుర్లు తెమలవు.

ఇరవై అయిదో బుడగ పగలలేదు. "ఇంక గడ్డమే" అన్నాడు కాశీవిశ్వనాథం సంబరంగా.

"అది కుడిచెయ్యి కదండీ. ఎడమ చెంపకు ఎడంచెయ్యి అలవాటు కావాలి. కుండ తీసుకోండి."

శిష్యుడికి తలప్రాణం తోకకొచ్చింది.

గడ్డం మాత్రం ఏ చదువు కోసమూ ఆగలేదు. ఒత్తుగా పెరిగింది. కొట్టుకొచ్చిన ప్రతివాడూ ఆరా తీసేవాడే. ఎవరైనా పోయారా అన్నారు, లేదన్నాడు. తిరుపతి మొక్కా అన్నారు, కాదన్నాడు. పెనుగొలను నుంచి పంచెల చాపు కొనడానికి వచ్చిన బసవపున్నయ్య కన్నుగీటి, "ఇంట్లో విశేషమా శెట్టిగారూ?" అన్నాడు. భార్య కడుపుతో ఉంటే మగవాడు గడ్డం గీయించుకోకపోవడం ఆనవాయితీ కదా.

ఆ ఒక్కమాటకు మాత్రం కాశీవిశ్వనాథం తలవంచుకుని గుడ్డ కొలవసాగాడు.

పెళ్లయిన తొమ్మిదేళ్లలో రెండుసార్లు ఆ విశేషం ఉంది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి, రెండుసార్లూ తెలిసిన రోజే బజారంతా చెప్పుకొచ్చాడు. రెండుసార్లూ మూడో నెల నిండకుండానే పోయింది. ఓదార్చడానికి వచ్చే జనానికి మొహం చూపించలేక బాలామణి నెలల తరబడి గడప దాటలేదు.

రేపు వినగడపలో మేనకోడలి పెళ్లి. చుట్టాలందరూ వస్తారు. ఈ గడ్డం చూసి ఆడవాళ్లు బాలామణిని చుట్టుముట్టి అదే అడుగుతారు. నలుగురిలో ఆవిడ మళ్లీ లేదని చెప్పుకోవాలి. అలా కానివ్వకూడదని రాత్రే నిశ్చయించుకున్నాడు.

తెల్లవారగానే కుండను పక్కకు నెట్టి, తన మొహానికే నురగ పూసుకున్నాడు.

తిరుపతయ్య గాభరాపడ్డాడు. "కత్తి సాన పట్టాలండి."

"నిన్ననే పట్టావు."

"ఇవాళ మంగళవారమండి. మంచిది కాదు."

"ఇవాళ బుధవారం" అన్నాడు కాశీవిశ్వనాథం. "నాకు తెలియదనుకున్నావా తిరుపతయ్యా? నేను నేర్చుకుంటే నీకు ఒక ఇల్లు తగ్గిపోతుందని కావాలనే సాగదీస్తున్నావు. ఇంత వయసొచ్చి ఇదా నీ బుద్ధి?"

తిరుపతయ్య వంటింటి వైపు చూశాడు.

కాశీవిశ్వనాథం అద్దం ముందు కూర్చుని, ఎడంచేత్తో చెంప లాగిపట్టి, కత్తి తెరిచాడు. చెయ్యి వణకలేదు. అంత కోపంలోనూ అందుకు అతనికి కాస్త గర్వంగానే ఉంది.

అప్పుడే గుమ్మంలోకి రంగమ్మ వచ్చింది. ఆమె వెనకాల కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బాలామణి. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియడం లేదు. రంగమ్మ మొగుడికేసి చూసి తల ఊపింది.

తిరుపతయ్య గట్టిగా ఊపిరి వదిలాడు. శిష్యుడి చేతిలోంచి కత్తి తీసుకుని మడిచాడు. భుజం మీది తువ్వాలుతో అతని మొహం మీద నురగ తుడిచాడు.

"శెట్టిగారూ, మూడో నెల నిండేదాకా సంగతి మీ చెవిన పడకుండా, మీ గడ్డానికి కత్తి తగలకుండా చూడమని, నాచేత ఈ చదువంతా చెప్పించింది మీ ఇంటావిడేనండి."