అభ్యంతరం ఉన్నవాళ్ళు

“ఈ పొద్దు నువ్వు పాస్టరు ఎట్లయితావో నేనూ చూస్తా స్టాన్లీ అన్నా!”

యలహంకలో ఆ చిన్న బాప్టిస్టు చర్చి మెట్ల దగ్గరే శశికళ అడ్డం నిలబడింది. ఆమె పక్కన చక్రాల కుర్చీలో ఆమె అన్న హేమంత్‌కుమార్. డిసెంబరు చలికి మెడ దాకా శాలువా కప్పి ఉంది. రెప్ప వేయకుండా స్టాన్లీనే చూస్తున్నాడు.

ఆరున్నర అడుగుల స్టాన్లీ వంగి, గొంతు తగ్గించాడు. “శశీ, ఆదివారం పూట ఏంటిది? అందరూ చూస్తున్నారు.”

“చూడనీ. బాస్కెట్‌బాల్ సెలెక్షన్ మ్యాచ్ రోజు గూడా కాలేజీ అంతా చూస్తా ఉండె. ఎవురికీ అర్థం కాలే. నాకు అయింది. స్టేట్ టీముకు మీ ఇద్దర్లో ఒకర్నే తీసుకుంటారని, బాల్ వేయనీకి పైకి ఎగిరినోడి కాళ్ళ కిందికి పోయి కావాలనే నిలబడినావు. తలకిందులుగా పడె మా అన్న.”

“అది యాక్సిడెంట్ శశీ.”

“కాదని నీకు తెలుసు, ఆయనకు తెలుసు. ఆసుపత్రికి ఒక్కసారి వచ్చినావు. డాక్టరు చెప్పిందంతా తలూపి విని పోయినావు. మళ్ళా మొగం చూపించినావా? గొంతులో పైపేసి ఆయనకు మాట గూడా పోయె. మేము దొడ్డబళ్ళాపురంలో ఎట్ల పడుండామో నీకెందుకు? ఆయన పేరు చెప్పుకోని సాక్ష్యాలు మాత్రం ఇస్తా ఉండావు!”

అది మాత్రం నిజం. బెంగళూరు తెలుగు చర్చిల్లో స్టాన్లీ సాక్ష్యం విననివాళ్ళు తక్కువ. “నా ప్రాణస్నేహితుడు నా కళ్ళ ముందే కూలిపోయాడు. ఆ రోజే బంతి వదిలి బైబిలు పట్టాను” అనగానే ఆడవాళ్ళు కొంగులతో కళ్ళొత్తుకునేవారు. అంత బాగా చెబుతాడు మరి.

“సరే, ఇప్పుడేం చేస్తావ్?” అన్నాడు.

“నేనేం చేస్తా? నేను మీ మెంబరు కాదు. మా ఇంట్లో నీళ్ళలో మునిగి బాప్తిస్మం తీసుకుండేది ఆయనొక్కడే. అదీ నువ్వు పిల్చుకోనొస్తే! ఆయన పేరు ఇంకా మెంబర్లలో ఉండాది. ఒక్క మెంబరు వద్దన్నా ఎన్నిక నిల్చిపోతాదంట, విచారణ పెడ్తారంట. చీటీలో ‘వద్దు’ అని వేస్తాడు. కుర్చీ తోసుకోనొచ్చి నేనే డబ్బాలో వేయిస్తానంటే మీ సంఘపెద్ద రాజగోపాల్ సారు సరేనన్యాడు.”

స్టాన్లీ ముఖంలో నెత్తురు చుక్క లేదు. బైబిలు కాలేజీలో చదివిన చదువూ, ఇన్నాళ్ళ సాక్ష్యాలూ, పాస్టరుగిరీ అన్నీ ఒక్క చీటీతో గంగలో కలిసేలా ఉన్నాయి. విచారణంటూ మొదలైతే ఆ రోజు ఆడినవాళ్ళందరినీ పిలుస్తారు. ఏ ఒక్కడు నోరు విప్పినా అంతే సంగతులు.

ఆరాధన అయిపోయింది. సంఘపెద్ద రాజగోపాల్ లేచి నిలబడ్డాడు.

“ఇంక మెంబర్ల మీటింగు. మెంబర్లు కానోళ్ళు కొంచెం బయట కూర్చోండప్పా.” శశికళ దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు. “చీటీలు వేసేటప్పుడు పిలుస్తానమ్మా. మీ అన్న దగ్గర మేముండాము కదా.”

శశికళ వెనక వరస పక్కన ఆపిన కుర్చీలో అన్న శాలువా సర్ది, వెళ్ళి బయట బైకుల పక్కన అరుగు మీద కూర్చుంది. తలుపులు మూశారు.

“కాళ్ళు పోయాయంట, పాపం” అని వెనక వరసలో ఛాయాదేవమ్మ పక్కావిడ చెవిలో గొణిగింది.

చీటీలు పంచబోతుండగా స్టాన్లీ లేచాడు. “అంకుల్, ఒక్క మాట. ఈ చీటీలు వద్దు.”

అందరూ తలలెత్తారు.

“బాస్కెట్‌బాల్ కోర్టులో ఫౌల్ చేసినవాడు అందరి ముందూ చెయ్యెత్తి ఒప్పుకోవాలి. మా కోచ్ నేర్పిన మర్యాద అది. నేనూ మనిషినే, తప్పులు చేసే ఉంటాను. చాటుగా చీటీలెందుకు? నేను వద్దనుకునేవాళ్ళు నా కళ్ళలోకి చూసి చెయ్యెత్తండి. ఒక్క చెయ్యి లేచినా చాలు, ఈ క్షణమే దిగిపోతాను. నా ఫ్రెండ్ హేమంత్ కూడా వచ్చాడు. వాడు చెయ్యెత్తినా సరే, తలొంచుకుని వెళ్ళిపోతాను.”

ఎంత గుండె ధైర్యం! “ఆమేన్!” అన్నారెవరో.

“ఎట్లాంటి మనసప్పా!” అంటూ రాజగోపాల్ చీటీలన్నీ మళ్ళీ డబ్బాలో పడేసి మూత పెట్టాడు. “అభ్యంతరం ఉండేవాళ్ళు చేతులెత్తండి.”

స్టాన్లీ తిన్నగా వెనక వరస వైపే చూశాడు. హేమంత్ ముఖం ఎర్రగా కందిపోయింది. మెడ నరాలు ఉబ్బాయి. పెదవులు వణికాయి. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారిపోతున్నాయి.

“స్నేహితుడంటే ఎంత ప్రేమో చూడండి!” అంటూ ఛాయాదేవమ్మ తన కొంగుతోనే ఆ కన్నీళ్ళు తుడిచింది.

రాజగోపాల్ మళ్ళీ అడిగాడు. ఒక్క చెయ్యీ లేవలేదు.

“ఏకగ్రీవం! దేవునికి స్తోత్రం!”

చప్పట్లు మార్మోగాయి. బయట శశికళ ఇంకా పిలుపు కోసమే తలుపు వైపు చూస్తూ కూర్చుంది.

పాస్టర్ స్టాన్లీ అందరికీ షేక్‌హ్యాండ్ ఇచ్చుకుంటూ వెనక వరస దాకా వచ్చి, హేమంత్ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. “థాంక్స్‌రా” అంటూ శాలువా కిందికి చెయ్యి పోనిచ్చి, మెడ విరిగిన ఆ రోజు నుంచీ వేలైనా కదపలేని హేమంత్ చేతిని తనే పైకెత్తి, గట్టిగా ఊపి, ఎక్కడిది అక్కడ జాగ్రత్తగా పెట్టేశాడు.